చెక్క గోదాములో పెండ్లికూతురి గది

రిటైరయ్యాక మా ఆయన ఊరికే కూర్చోడని నాకు ముందే తెలుసు. కాలువల శాఖలో ఇంజనీరుగా చేసి, నాగర్‌కర్నూల్ ఆఫీసులో ఆఖరి దండ వేయించుకుని వచ్చిన మనిషి. ఇంట్లో కుళాయి కారితే నాలుగు వైపుల నుంచి చూసి, ఫొటో తీసి, దాని మీద ఓ ఉపన్యాసం ఇచ్చి, చివరికి ప్లంబర్‌ను పిలుస్తాడు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ, "మన మిల్లును ఫంక్షన్ హాల్ చేస్తే ఎట్లుంటది?" అన్నాడు. నేను గ్లాసు కింద పెట్టి నుదురు పట్టి చూశాను. జ్వరం లేదు.

మిల్లు అంటే గద్వాలలో మా మామగారు కట్టించిన పల్లీల నూనె మిల్లు. రాతి గోడలు, టేకు దూలాలు, పైన రేకులు, వెనకాల ఓ పొగగొట్టం. ఒకప్పుడు అయిజ, మానవపాడు, ధరూర్ వైపు నుంచి బండ్ల మీద పల్లికాయ వచ్చి ఆ వాకిట్లో గుట్టలు పడేది. నూనె పిండాక మిగిలే చెక్కను పశువుల దాణాకు అమ్మేవాళ్లు. ఆ చెక్కను పేర్చి పెట్టడానికి పక్కనే ఒక గోదాము ఉండేది. ప్యాకెట్ నూనెలు వచ్చాక మిల్లు మూతపడింది. మిషన్లు పాత ఇనుముకు పోయాయి. గోడలు మిగిలాయి, వాసన మిగిలింది.

ఆ జాగా అన్నదమ్ములిద్దరిదీ. అన్న, అంటే మా బావ, మిల్లు మూతపడ్డాక ధరూర్ దగ్గర పొలం చూసుకుంటున్నాడు. మిల్లును చివరిదాకా నడిపింది ఆయనే. తక్కువ మాట్లాడే మనిషి. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి, దాన్ని కూలగొట్టి షాపులు కడతాను, నాకు ఇచ్చెయ్యండి అని బావ వెంటపడి తిరుగుతున్నాడు. బావకు ఇచ్చేయాలనే ఉంది. మా ఆయన లబోదిబోమంటూ ధరూర్ పోయి అన్న ముందు నిలబడ్డాడు. నేనూ వెంట పోయాను, ఎందుకంటే ఈయన ఒక్కడే పోతే ఏం విన్నాడో, ఏం విన్నాననుకున్నాడో తేల్చుకోవడం కష్టం.

"అన్నా, అమ్మొద్దు. నేను దాన్ని మంచిగ చేసి చూపిస్త" అన్నాడు.

బావ చెప్పు లోపలి రాయిని దులుపుకుని, "నీ సోకు నువ్వు తీర్చుకో తమ్మీ. ఓపెనింగు నాడు వస్త, సూస్త. నా మనసుకు పడితే ఉంచుదం. లేకుంటె గాయనకు ఇచ్చేద్దం. గప్పుడు మల్ల ఏడ్వొద్దు" అన్నాడు.

తిరిగి వస్తుంటే మా ఆయన మొహం వెలిగిపోతోంది. "అన్న ఒప్పుకున్నడు!"

"ఏడ ఒప్పుకున్నడు?"

"కోపానికి రాలే గద."

వనపర్తిలో మా పుట్టింటివాళ్లు ఇలాంటి మాటను ఒప్పుకోవడం అనరు. గద్వాలవాళ్లు అంటారేమో అనుకుని నోరు మూసుకున్నాను. అది నాకు అలవాటు లేని పని.

ఆ రోజు నుంచి మా ఇంట్లో 'హెరిటేజ్' అనే మాట మొదలైంది. ఎక్కడో పెద్ద ఊళ్లలో పాత గోదాములను కాఫీ హోటళ్లు చేశారని, పాత నూలు మిల్లులో పుస్తకాల దుకాణం పెట్టారని ఫోన్‌లో చూసి, ఆ వీడియోలు నాకు చూపించేవాడు. నేను పప్పు తిరగమోత పెడుతున్నా వదిలేవాడు కాదు. "సూడు సూడు, గోడ గట్లనె పెట్టిండ్రు, పెచ్చులూడింది కూడ తియ్యలె" అనేవాడు. మా ఇంట్లో పెచ్చులూడితే మాత్రం నేను చూసుకోలేదని అంటాడు.

పాత ఇనుములో పోకుండా మిగిలిన కప్పీలు, చక్రాలు ఏరి తెచ్చి, నల్ల రంగు వేయించి, హాలు గోడలకు తగిలించాడు. బస్తాలు తూచే పెద్ద కాంటాను తుడిపించి గుమ్మం పక్కన నిలబెట్టాడు. "చుట్టాలు దీని ముందట ఫొటోలు దిగుతరు" అన్నాడు. "భోజనానికి ముందొకసారి, తర్వాతొకసారి తూగమనండి, ఎవరెంత తిన్నరో తెలుస్తది" అన్నాను. ఆయన దాన్ని కూడా కొంచెంసేపు నిజంగా ఆలోచించాడు.

ఊరివాళ్లు ఊరుకుంటారా! చాయ్ దుకాణం దగ్గర ఒకాయన, "సారూ, మిల్లుల పెండ్లా? సదివింపులకు పల్లికాయ మోసుకొస్తె తీస్కుంటరా?" అన్నాడట. వనపర్తి నుంచి మా అక్క ఫోన్ చేసి, "మీ హాల్ల పెండ్లి చేసుకుంటె పిల్లకు తలకు నూనె పెట్టే పని లేదట గద" అని పకపకా నవ్వింది. ఇవన్నీ నేను ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. భార్యగా అది నా ధర్మం.

అసలు తిప్పలు రంగులు వేయడంతో మొదలైంది. రంగులేసే భాయి ఊళ్లో మంచి పేరున్నవాడు. హాలు గోడలకు సున్నం, చెక్క గోదాముకు లేత గులాబి రంగు అనుకున్నారు. తలుపు, కిటికీ, పక్కన బాత్‌రూమ్ కట్టుకోవడానికి జాగా ఉన్న గది అదొక్కటే. దాన్నే పెండ్లికూతురి గది చేశారు. చుట్టూ బల్బులున్న అద్దం కూడా వచ్చింది. కానీ సాయంత్రం వేసిన గులాబి రంగు మీద పొద్దున్నే గోధుమ రంగు మచ్చలు తేలేవి. మళ్లీ వేసేవాళ్లు. మళ్లీ తేలేవి. ఏండ్ల తరబడి రాయి పీల్చుకున్న నూనె, ఎండ తగలగానే బయటికి వస్తోంది.

భాయి నడుం మీద చేతులు పెట్టుకుని, "మేడమ్, ఈ గోడ రంగు తాగుతలేదు, నూనె కక్కుతుంది. జర శనగపిండి కలిపి కొడితె మిరపకాయ బజ్జీలైతయ్" అన్నాడు.

మా ఆయన మచ్చల్ని దగ్గరికి పోయి వాసన చూసి, "ఆహా!" అన్నాడు. "ఎండకాలం సెలవులల్ల గిదే వాసన. గోనె సంచుల మీద పండుకుని, పల్లీలు బెల్లం తినుకుంట... నీకు తెల్వదు."

నాకు తెలవకపోవడమేమిటి, పెండ్లయినప్పటి నుంచి వింటున్నాను. ఆ సంచులు, ఆ బెల్లం, చల్లటి రాతి గోడకు ఆనించిన వీపు, ఇవి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోతుంది. ఎంత ఆటపట్టించినా, అది చూస్తే నాకు ముద్దొస్తుంది. ఆ హాలు నిలవాలని లోలోపల నాకూ ఉండేది. బావ కాదంటే ఈయన మనసు విరిగిపోతుందని భయం కూడా పట్టుకుంది. కానీ పైకి చెప్తే నెత్తికెక్కి కూర్చుంటాడని చెప్పలేదు.

ఓపెనింగు రోజు వచ్చింది. మామిడాకులు కట్టారు, ముగ్గులు పడ్డాయి. పాలు పొంగించాలి, ముందుగా ఆవును దూడతో లోపలికి నడిపించాలి అన్నాడు పంతులు. కొత్త ఇల్లయినా, కొత్త దుకాణమైనా మా దగ్గర అది తప్పదు. వెనక వీధి నుంచి ఒకామె తన ఆవును పట్టుకొచ్చింది. కొమ్ములకు పసుపు, నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండ. "మా ఆవు శాన మర్యాద గలది సారూ, ఎవ్వర్ని ఏమనదు" అని హామీ కూడా ఇచ్చింది.

బావ, అక్క అప్పటికే వచ్చారు. అక్క అంటే బావ భార్య. ఆమె నాతో పాటు హారతి పళ్లెం పట్టుకుంది. బావ తెల్ల చొక్కా వేసుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. మా ఆయన ఆ కప్పీలు, ఈ చక్రాలు చూపిస్తుంటే తల ఊపుతున్నాడు. హైదరాబాదు ఆయన ఫోన్ అప్పటికే రెండుసార్లు వచ్చింది, బావ ఎత్తి "సాయంత్రం జెప్త" అని పెట్టేశాడు. మా ఆయన ఆ రెండుసార్లూ నా వైపు చూశాడు.

ఆవు మర్యాదగానే లోపలికి వచ్చింది. ఎర్ర తివాచీ మీద నాలుగడుగులు వేసింది. వేదిక వైపు తిరగాలి, పంతులు మంత్రం అందుకున్నాడు. అప్పుడు అది మూతి పైకెత్తి గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. అంతే! పట్టుకున్నామెను తాడుతో సహా లాక్కుంటూ సీదా పెండ్లికూతురి గదిలోకి పోయింది. మేమంతా వెనకాల పరుగు. పోయి చూస్తే అది గోడకు మూతి ఆనించి గరగరా నాకుతోంది. గులాబి రంగు పొరలు పొరలుగా ఊడి దాని నాలుక మీదికి వస్తోంది. దూడ కూడా తల్లి పొట్ట కిందుగా దూరి తనకు అందినకాడికి నాకడం మొదలుపెట్టింది.

"అరే, పట్టుకోండ్రి! పింక్ కలరంత పోతుంది!" అని మా ఆయన తోక పట్టుకుని గుంజాడు. ఆవు ఆ తోకతోనే ఆయన మొహాన ఒకటిచ్చింది.

"ఇంట్ల గిట్ల చెయ్యది సారూ, ఒట్టు" అంటోంది ఆవుగలామె.

"లక్ష్మి ఇష్టపడి తింటుంటె ఆపొద్దు, శుభం" అన్నాడు పంతులు. ఆయనకు తొందరగా ఇంకో ముహూర్తానికి పోయేది ఉంది.

భాయి తలుపు దగ్గర నిలబడి, "నేను వారం సంది గోకుతున్న మేడమ్. ముందుగాల దీన్నే పిలిస్తె పోయేది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకైతే హారతి ఆరిపోయేంత నవ్వొచ్చింది. బంధువులు ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. మా ఆయన కూడా చివరికి నవ్వేశాడు.

నవ్వనిది బావ ఒక్కడే. రంగు ఊడిన చోట నల్లటి నూనె గోడ బయటపడింది. ఎండవేడికి చెక్క వాసన గుప్పుమని గదంతా నిండింది. బావ ఆ గోడ వైపు చూసి, ముక్కు మీదికి కండువా లాక్కుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాడు.

అయిపోయింది, అమ్మేస్తాడు అనుకున్నాను. హారతి పళ్లెం అక్క చేతిలో పెట్టి, ఒక గ్లాసు మంచినీళ్లు పట్టుకుని పోయాను. పొగగొట్టం నీడలో, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నీళ్లు తీసుకుని తాగలేదు, మొహం కడుక్కున్నాడు.

"ఏమైంది బావా, పానం బాగలేదా?"

"ఆ వాసన పడది అమ్మా నాకు" అన్నాడు. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, మళ్లీ ఆయనే అందుకున్నాడు. "నాయినకు నడుము పట్టేసినప్పుడు నాకు మీసాలు గూడ రాలె. పది పాసైన. తమ్ముడు తెలివైనోడు, వాన్ని సదివిద్దాం, నువ్వు మిల్లు సూస్కో అన్నడు నాయిన. సరె అన్న. ఆ గోదాముల వేడివేడి చెక్కలు పేర్చుకుంట, ఆడనే పండుకుంట, దగ్గుకుంట... నా పెండ్లి సూపులకు పోతె పిల్ల తల్లి ముక్కు మూసుకున్నది. మీ అక్క ఎట్ల ఒప్పుకున్నదో ఇప్పటికీ తెల్వదు."

ఆ మాటకు నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు.

"తమ్ముడు ఎండకాలం సెలవులకొచ్చేటోడు. సంచుల మీద పండుకుని, ఇంత బెల్లం, ఇన్ని పల్లీలు తిని పోయేటోడు. గందుకె వానికి ఆ వాసన తీపి. నా వయసంత గీడ్నె పోయింది అమ్మా. గిన్నేండ్లల్ల నేను ఒక్కనాడు గీడ కూసోలె. కూసుంటె మిషను ఆగుతది. హమాలోడు కూసుంటడు, రైతు కూసుంటడు, నేను మాత్రం నిలవడుడే. గిప్పుడు వాడు గోడలకు చక్రాలు తగిలిచ్చి, అన్నా మంచిగున్నదా అంటుండు. ఏం జెప్పాలె?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు మా ఆయన మీద కోపం, ఆ వెంటనే జాలి. కండువాతో కళ్లు తుడుచుకుంటున్న ఈ మనిషికి మిల్లు కూలిపోతేనే మనశ్శాంతి. లోపల తోక దెబ్బ తిని నవ్వుతున్న ఆ మనిషికి మిల్లు నిలిస్తేనే సంతోషం. నేను ఎవరి పక్షాన నిలబడాలి?

నిలబడే అవసరం రాలేదు. వెనక్కి తిరిగితే మా ఆయన అక్కడే ఉన్నాడు. చెంప మీద పేడ మరక, చేతిలో ఊడొచ్చిన బంతిపూల దండ. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. ఎప్పుడూ దేనికో ఒకదానికి వివరణ చెప్పే మనిషి, ఈసారి వచ్చి అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు తెల్వదన్నా. నువ్వెన్నడు జెప్పలె. ఇచ్చేద్దాం. కూలగొట్టనీ. ఇయ్యాల్నే ఫోన్ చెయ్యి."

ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. అయినా అన్న చెయ్యి వదలలేదు.

బావ తమ్ముడి వైపు ఎగాదిగా చూశాడు. "గిప్పుడంటవా? గింత రంగేసినంక? చక్రాలన్ని తగిలిచ్చినంక?" అన్నాడు. ఆ కసురులో పెద్ద కోపమేమీ లేదు. "కూలగొడ్తె నా వయసు మల్లొస్తదా? రాదు. ఒక పని చెయ్యి. ఒక్క పెండ్లి కానియ్యి ఈడ. పదిమంది కూసొని తింటుంటె ఎట్లుంటదో సూస్త. గప్పుడు జెప్త."

సాయంత్రం హైదరాబాదు ఆయనకు ఇంకొంచెం ఆగమని చెప్పాడు.

ఆ ఒక్క పెండ్లి దొరకడానికి మేము పడ్డ పాట్లు వేరు. "మిల్లుల వద్దు" అని కొందరు, "ఆవు వీడియో చూసినం" అని కొందరు వెళ్లిపోయారు. చివరికి మానవపాడు నుంచి ఒక రైతు వచ్చాడు. ముహూర్తాలు ముంచుకొచ్చి ఊళ్లో ఉన్న హాళ్లన్నీ నిండిపోయాయి, దొరికింది మాదే. "పిల్లకు పెండ్లి గావాలె సారూ, ఏ గోడైతె నాకేంది" అన్నాడు. మా ఆయన ఆయనకు మిల్లు చరిత్ర చెప్పబోతే నేను కాలు తొక్కాను. ఈ లోపల భాయి చెక్క గోదాములో గులాబి రంగంతా గోకేసి, గోడను రాయిదాకా కడిగి, వేడినీళ్లతో సబ్బుతో రుద్ది రుద్ది వాసన చాలావరకు వదిలించాడు. ఆ పని మా ఆయనే చెప్పి చేయించాడు. 'హెరిటేజ్' అనే మాట ఒక్కసారి కూడా అనలేదు.

పెండ్లి రోజు బావ పొద్దున్నే దిగాడు. దిగినప్పటి నుంచి ఒకచోట నిలబడితే ఒట్టు. నీళ్ల ట్యాంకు చూశాడు, వంటవాళ్లకు కట్టెలు సరిపోయాయా అని అడిగాడు, విస్తరాకుల కట్టలు తానే మోశాడు, బండ్లు అడ్డం పెట్టినవాళ్లను అరిచాడు. తలంబ్రాలు పడేటప్పుడు కూడా గుమ్మం దగ్గర నిలబడి కరెంటు బోర్డు వైపు చూస్తున్నాడు. "సూడమ్మా, మిల్లు నడిపినట్టె నడుపుతుండు" అంది అక్క. నవ్వుతూనే అంది, కానీ కళ్లు నవ్వలేదు.

బంతి భోజనాలు మొదలయ్యాయి. బఫే పెడతామన్నా పెండ్లికూతురి తండ్రి వినలేదు, కూర్చోబెట్టి వడ్డించాల్సిందే అన్నాడు. బల్లలు వేశారు, ఆకులు పరిచారు. బావ నీళ్ల జగ్గు అందుకోబోయాడు. మా ఆయన వచ్చి ఆ జగ్గు లాక్కుని పక్కన పెట్టి, మణికట్టు పట్టుకుని నడిపించుకుపోయి, మొదటి బంతిలో మొదటి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నేను తర్వాత తింటలే, పని..."

"కూసో అన్నా" అన్నాడు మా ఆయన. జీవితంలో మొదటిసారి అన్నకు ఆజ్ఞ వేశాడు.

బావ కూర్చున్నాడు. కుర్చీ అంచున, ఎప్పుడు లేవాలో అన్నట్టు. నేను బగార అన్నం వడ్డించాను. మా ఆయన వంకాయ కూర బకెట్ తెచ్చి తానే వేశాడు, గంటెతో సగం ఆకు మీద, సగం అన్న చొక్కా మీద. బావ ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మెల్లగా వీపును కుర్చీకి ఆనించి పైకి చూశాడు. దూలాల కింద బంతి పొడవునా జనం తింటున్నారు, పిల్లలు లడ్డూలకు కొట్లాడుకుంటున్నారు, ఎవరో పెద్దాయన పచ్చిపులుసు జుర్రుతున్నాడు.

అంతలో కరెంటు పోయింది. పెండ్లికూతురి తండ్రి చెమటలు కక్కుకుంటూ అలవాటుగా బావ దగ్గరికే ఉరికొచ్చాడు. "అన్నా, జనరేటరు లేస్తలేదు!"

నేను బావ వైపు చూశాను. లేస్తాడనుకున్నాను. ఆయన ముద్ద కలుపుకుంటూ, "నన్నడుగుతవేంది? మా తమ్ముణ్ణి అడుగు. నేను కూసున్న" అన్నాడు.

మా ఆయన బకెట్‌తో సహా జనరేటర్ వైపు పరిగెత్తాడు. "వంకాయ ఈడ పెట్టి పో!" అని బావ వెనక నుంచి అరిచాడు.

అప్పుడే బావ జేబులో ఫోన్ మోగింది. మోచేత్తో జేబు చూపించి, "అమ్మా, ఫోను ఎత్తు. గాయనే అయ్యుంటడు. ఇచ్చేది లేదని జెప్పు. చెయ్యి ఎంగిలున్నది నాది" అన్నాడు.

ఎత్తాను. హైదరాబాదు ఆయనే. అమ్మడం లేదని చెప్పాను. ఇన్నాళ్లూ ఆగమని ఇప్పుడు ఇదేంటమ్మా, ఏమైంది, ఒకసారి ఆయనకు ఇవ్వండి అన్నాడు.

"ఇయ్యను" అన్నాను. "మా బావ కూసొని తింటుండు."